హాక్స్‌బరీ ఒడ్డున ఒక కేక

ఆదివారం పొద్దున మా ఆయన కారు నెత్తిన కయాక్ కట్టడం మొదలుపెట్టగానే నేను దేవుడి ముందు దీపం పెట్టేదాన్ని. మాది పల్నాడు. మా వైపు నీళ్లు బిందెలో ఉండేవి, మహా అయితే బావిలో ఉండేవి. ఎక్కడున్నా వాటికో హద్దుండేది. ఆయనది కృష్ణా డెల్టా. కాలవ గట్టున పుట్టి, గాలం పట్టుకుని పెరిగిన మనిషి. ఈత మాత్రం రాదు. అదేమిటండీ అని పెళ్లయిన కొత్తలో అడిగితే, "చేపలు పట్టడానికి ఈతెందుకు?" అన్నారు. ఆ జవాబునుంచి నేను ఇప్పటికీ కోలుకోలేదు.

అది, జనవరి ఒకటిన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ హడలిపోతున్న ఏడాది. ఆ హడలు పుణ్యమా అనే మేం సిడ్నీ వచ్చాం. ఆయన ఒక బ్యాంకులో పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవారు. వారమంతా రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసీ చేసీ, ఆదివారం వచ్చేసరికి మనిషి మొహం చూడబుద్ధి కాదనేవారు. ఆఫీసులో ఎవరో తన పాత కయాక్ అమ్మేస్తుంటే తెచ్చుకున్నారు. పసుప్పచ్చటి ప్లాస్టిక్‌ది, ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత ఉండేది. దాన్ని పడవ అనడానికి నాకు నోరు రాలేదు. గేదెల కుడితి తొట్టి ఇంతకంటే గట్టిగా ఉంటుంది.

ఇక్కడ జూలై అంటే ఎముకలు కొరికే చలి. ఆ చలికే పెర్చ్ అనే చేప నది పైనుంచి ఉప్పునీళ్ల వైపు దిగుతుంది. చూడ్డానికి మన పండుగప్పకు తమ్ముడిలా ఉంటుంది. ఆ పోలికే మా కొంప ముంచింది. ఒకసారి పులుసు పెట్టాక ఆయన్ని ఆపడం నా తరం కాలేదు.

నేనూ వెంట వెళ్లేదాన్ని. ఇంట్లో కూర్చుని భయపడేకంటే ఒడ్డున కూర్చుని భయపడటం నయమనిపించేది. నాకు డ్రైవింగ్ రాదు. ఈ దేశంలో మాకు బంధువన్నవాడు లేడు. ఆయనకేమైనా అయితే ఆ ఒడ్డునుంచి ఇంటికెలా చేరాలో కూడా నాకు తెలియదు. ఆ మాటంటే, "పొద్దున్నే అపశకునాలు పలక్కు" అనేవారు.

ఆ ఆదివారం కూడా అలాగే బయల్దేరాం. ఇప్పుడు మేం ఇల్లు కట్టుకున్న స్కోఫీల్డ్స్‌లో అప్పుడు గుర్రాలు మేసేవి. వాటి వీపుల దాకా పొగమంచు. హాక్స్‌బరీ నది దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డు కనపడలేదు. ఆ నది అంటేనే నాకు గుబులు. సముద్రం ఎక్కడో దూరాన ఉంటుంది, అయినా దాని పోటూ పాటూ ఇంతవరకూ వస్తాయి. పొద్దున కిందికి పారిన నీళ్లు మధ్యాహ్నం పైకి పారతాయి. మొదటిసారి ఒక ఆకు ఎదురెక్కి పోతుంటే చూసి, పదండి ఇంటికి వెళ్లిపోదాం అన్నాను.

"పేపర్లో టైడ్ టైమ్ చూశాలే. పాటు అయిపోయింది, ఇంక నీళ్లు ఎక్కడమే. ఒక రౌండ్ వేసి వచ్చేస్తా," అన్నారాయన. లైఫ్ జాకెట్ తొడుక్కున్నారు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు గమ్ బూట్లు వేసుకున్నారు. తడిసిపోతుందని ఆఫీసు మొబైల్ నా చేతిలో పెట్టారు. అక్కడ దానికి సిగ్నలే లేదు. తెడ్డు నాలుగుసార్లు వేసేసరికి మంచు ఆయన్ని మింగేసింది.

ఉప్మా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డబ్బా చల్లారిపోయింది. సూర్యుడు చెట్లపైకి వచ్చాడు. ఆయన రాలేదు. నీళ్లు ఎక్కుతాయన్నారు కదా అని చూస్తే, అవి ఇంకా దిగుతూనే ఉన్నాయి. ఒడ్డు కింద నల్లటి బురద అంతకంతకూ బయటపడుతోంది. పేపర్లో వేసేది సముద్రం ఒడ్డున హార్బర్ దగ్గరి సమయమనీ, ఇంత పైకి పోటు రావడానికి ఇంకా గంటలు పడుతుందనీ మాకిద్దరికీ తెలియదు. కాలవలో నీళ్లు ఒకవైపే పోతాయి, పైనుంచి వదిలితే వస్తాయి, కట్టేస్తే ఆగుతాయి. ఆయనకు తెలిసిన నీళ్లు అవి.

లేచి, "ఏవండీ" అన్నాను. ఇంకొంచెం గట్టిగా, "ఏవండోయ్" అన్నాను. ఒక కొంగ లేచిపోయింది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, ఆ నదిలో ఏ తల్లి ఉంటుందో తెలియకపోయినా ఆమెకూ ఒకటి మొక్కుకున్నాను.

ఒడ్డు పైన ఉన్న ఇంట్లోంచి ఒక తెల్ల ముసలావిడ దిగి వచ్చింది. భుజాన కంబళి, చేతిలో టీ కప్పు. విషయం చెప్పాను. ఆవిడ నీళ్లవైపు చూసి, కప్పు కింద పెట్టింది. "నువ్వు పిలిచేది ఎవరికీ వినపడదు. పేరు పెట్టి గట్టిగా పిలువు, లవ్," అంది. ఇక్కడి ముసలివాళ్లు ఆడపిల్లల్ని అలాగే అంటారు. "ఇంతకీ ఆయన పేరేంటి?"

పెళ్లయి నాలుగేళ్లయినా నేను ఆయన పేరు పలికింది లేదు. మా సిడ్నీ స్నేహితురాళ్లు మొగుళ్లను పేర్లతో పిలుస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది. పేరు పలికితే ఆయుక్షీణమని మా నాయనమ్మ చెప్పింది. నమ్మకం ఉందా అంటే లేదు, పలికే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. ముసలావిడ నా మొహంలోకే చూస్తోంది. కళ్లు మూసుకుని, గుండెలనిండా గాలి పీల్చి, ఆయన పేరు కేక పెట్టాను. రెండోసారీ పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను.

ఏదో దబ్బుమన్న చప్పుడైంది. తర్వాత, "ఏమైంది? నీకేమైంది?" అని గొంతు వినిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచు కూడా అప్పుడే పలచబడుతోంది. కింద, మడచెట్ల పక్కన ఒక చిన్న పాయ ఉంది. అందులో చుక్క నీరు లేదు. పసుప్పచ్చ కయాక్ బురద మీద ఒరిగి ఉంది. అందులో ఉండాల్సిన మనిషి మోకాళ్ల లోతు బురదలో దిగి, చేతులు ఊపుకుంటూ నా వైపు వస్తున్నారు.

అసలు సంగతి ఇదీ. పాయలో నీళ్లు దిగిపోయి కయాక్ ఇరుక్కుంటే, ఆయన అందులోనే హాయిగా కూర్చుని పోటు కోసం చూస్తున్నారు. నేను ఏవండీ అన్నప్పుడల్లా, "ఆఁ, వస్తున్నా" అని ఇంట్లో పక్క గదిలోంచి పలికినట్టే పలికారట. ఆయన గొంతు ఎప్పుడూ గడప దాటదు. పేరు వినగానే మాత్రం దూకేశారు.

"ఆగమను! అక్కడ బురదకు అడుగు లేదు!" అని ముసలావిడ అరిచింది. "పడుకోమను, కదలొద్దను!"

"నాకేం కాలేదండీ! రాకండి! ఆగండి!" అని నేనూ అరిచాను.

ఆయన నమ్మలేదు. "వస్తున్నా, ఉండు, భయపడకు," అంటూ ఇంకో అడుగు వేశారు. నడుం దాకా దిగిపోయారు. బాగున్నానని నేను ఎంత అంటే అంత కంగారుగా కాళ్లు లాక్కుంటున్నారు. నా కేకే ఆయన్ని అక్కడికి దింపింది, ఇప్పుడు నా మాటే పనిచేయడం లేదు. ఏం చేయాలో తోచలేదు. భయం ముదిరితే నాకు కోపం వస్తుంది. ఆ కోపమే నోట్లోంచి వచ్చేసింది.

"మీకసలు బుద్ధుందా అండీ? పడవలో కూర్చున్నోళ్లు కూర్చోక బురదలో చిందులేంటి? ఉప్మా తిని పొండి అంటే వినకపోతిరి! ఆ ప్యాంటు ఎవరు ఉతుకుతారనుకుంటున్నారు, మీ బ్యాంకోళ్లా?"

ఆయన ఆగిపోయారు. మొహంలో కంగారు పోయింది. నాకేమీ కాలేదని అప్పుడు నమ్మారు.

"బోర్లా పడుకోండి! చేతులు చాపండి! ఒక్క అంగుళం కదిలారంటే నేను మనిషిని కాను!"

"పడుకుంటున్నా, తిట్టకు," అన్నారు.

ముసలావిడ తన చిన్న అల్యూమినియం పడవ తేవడానికి పరిగెత్తింది. కానీ నీళ్లు ఎక్కితేగాని పడవ పాయలోకి రాదు, నీళ్లు ఎక్కితే కాళ్లు బురదలో ఇరుక్కున్న ఈయన మునిగిపోతారు. ఏ నీళ్లు రావాలో, అవే రాకూడదు. నేను తిట్లు ఆపలేదు. ఆపితే ఆయన తలెత్తి కదులుతున్నారు. వాళ్ల మేనత్తనూ, కోబాల్ కనిపెట్టినవాణ్నీ, పండుగప్ప జాతినీ తిట్టాను. తిట్లు అయిపోతే మళ్లీ మొదట్నుంచి అందుకున్నాను. నీళ్లు గోధుమరంగులో, చప్పుడు లేకుండా వచ్చాయి. ఆయన మోచేతుల దాకా వచ్చాయి, లైఫ్ జాకెట్ కిందికి వచ్చాయి, గడ్డానికి తగిలాయి. నా గొంతు బొంగురుపోయి మాట గాలిలా వస్తోంది. చచ్చిపోతారనే అనుకున్నాను. అనుకుంటూనే, "దగ్గొద్దు, నోరు మూసుకోండి," అని తిట్టాను.

పడవ అప్పుడు వచ్చింది. ఆవిడ తాడు విసిరింది, ఆయన చంకల కింద చుట్టుకున్నారు. నీళ్లకు బురద పట్టు కాస్త సడలింది. లాగగా లాగగా, బూట్లు అక్కడే వదిలేసి మనిషి బయటికొచ్చారు.

కారులో హీటర్ పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ముసలావిడ కంబళి కప్పుకుని గడగడ వణుకుతున్నారు. ఒక కేకకే అలా దూకేయాలా అని అడిగాను. గొంతు లేదు, గుసగుసగా అడిగాను. ఆయన కంబళి అంచుతో గడ్డం మీది బురద తుడుచుకున్నారు.

"మా అమ్మ మా నాన్నని పేరు పెట్టి పిలవడం నేను ఒక్కసారే విన్నాను. ఆయన్ని చాప మీద పడుకోబెట్టాక," అన్నారు. "ఎంత పిలిచినా పలకలేదు."