నర్సమ్మ బండి, నల్లరేగడి బాట

1959 ఎండకాలం. లక్షెట్టిపేట నుంచి జన్నారం పోయే సడక్ మీద, గోదారి ఒడ్డుకు దగ్గరగ ఓ ఊర్ల నాది సైకిల్ దుకాణం. దుకాణమంటే పెద్దగ ఊహించుకోవద్దు. నాలుగు గుంజలు, మీద తాటికమ్మలు, ముందట నీళ్ల తొట్టి, ఒక గాలిపంపు. ట్యూబును తొట్ల ముంచి బుడగలు యాడ లేస్తున్నయో చూసుడు, గా జాగల ప్యాచ్ అతికిచ్చుడు, వంకరపోయిన చక్రానికి స్పోకులు బిగిచ్చి సక్కగ చేసుడు, గివే నా పనులు. నా పేరు మల్లేశం. కరీంనగర్ల పేరున్న ఉస్తాద్ కాడ తొమ్మిదేండ్లు పని నేర్సుకొని వచ్చిన. నా అసొంటి మిస్త్రీ గీ చుట్టుపక్కల లేడన్న పొగరు నాకు బాగనే ఉండె.

గీ దిక్కు రైతులు మడ్‌గార్డులు లేని సైకిళ్లు తెచ్చేటోళ్లు. మడ్‌గార్డంటే చక్రం మీద వంపు తిరిగి ఉండే రేకు, బురద బట్టల మీద చిల్లకుండ ఆపేది. కొత్త బండి కొన్నోడు కూడ దాన్ని ఊడబీకి ఇంట్ల పడేస్తుండె. నాకు నవ్వొచ్చేది. "గిదేం బండి పటేలా, బట్టలు లేని మనిషి లెక్క?" అనేటోన్ని. వాళ్లు "మాకు గిట్లనే మంచిగుంటది మిస్త్రీ" అని గాలి కొట్టిచ్చుకొని పోయేటోళ్లు. వీళ్లకు సోకు తెల్వదని నేను అనుకునేటోన్ని.

గా ఎండకాలంల మా ఊరి సర్కారు దవాఖానకు కొత్తగ ఒక మిడ్‌వైఫ్ వచ్చింది. కాన్పులు చేసే నర్సు అన్నట్టు. పేరు కరుణమ్మ, ఇరవై నాలుగేండ్లుంటయేమో, కరీంనగర్ దిక్కు పిల్లనే. ఒకనాడు పొద్దున తన అన్న తొక్కి విడిచిన పాత సైకిలు నూక్కుంట నా ముందటికి వచ్చింది.

"మిస్త్రీ, గీ బండి నేను తొక్కేటట్టు చెయ్యాలె. చీర చెయిన్ల పడొద్దు. బురద అంటొద్దు."

"నువ్వు తొక్కుతవా నర్సమ్మా?"

"నేను గాకపోతే మా డాక్టరు సాబ్ తొక్కుతడా?"

మెల్లగ సంగతి చెప్పింది. పదిహేను దినాలకొకసారి ఆమె ఊర్లు తిరిగి వచ్చుడును రౌండ్ అంటరు. నడిచి తిరిగితే సగం ఊర్లు తప్పిపోతయి. డాక్టరుకేమో ఆడమనిషి గంత దూరం తిరుగుతదన్న నమ్మకం లేదు. వానకాలం అయ్యేదాక చూస్త, రౌండ్ తప్పితే వాపస్ పంపుత అని ముందుగాలనే చెప్పిండట.

ఆమె బాట ముందు పెద్ద చెరువు కట్ట మీద పోతది. ఆనించి చెరువు నీళ్లు వెనుకకు పోతే బయటవడే శిఖం భూములంట, కొంగలు వాలే తడి అంచునంట సాగి గోదారి ఒడ్డుకు దిగుతది. గోదారంట జరదూరం ఇసుక. తర్వాత ఉత్తరానికి మల్లితే గుట్టలు. ఆ గుట్టల అడుగున టేకుచెట్ల నడుమ ఆఖరి ఊరు, ముప్పై గుడిసెల గూడెం. గుట్టకింది గూడెం అనేటోళ్లు.

నాకు వచ్చిన విద్యంత గా బండికి పెట్టిన. గేర్ కేస్ బిగిచ్చిన, అంటే చెయిన్ ఏ మాత్రం బయటికి కనవడకుండ మూసే రేకు డబ్బా. ముందటికి, వెనుకకు కొత్త మడ్‌గార్డులు పెట్టిన. టైరుకు, రేకుకు నడుమ చిటికెన వేలు కూడ దూరకుండ పెట్టిన. గట్ల పెడితేనే బండి గడగడమనదని మా ఉస్తాద్ చెప్పేటోడు. టైర్ల గాలి రాయి లెక్క కొట్టిన. కరుణమ్మ ఎక్కి సడక్ మీద ఒక తిరుగుడు తిరిగి వచ్చి, "మస్తుగున్నది మిస్త్రీ" అన్నది. గా మాటకు వారం దినాలు నేల మీద నడువలే నేను.

ఎండలు ఉన్నన్ని దినాలు రౌండ్ ఒక్కసారి తప్పలే. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దుకాణం కాడ ఆగి ముచ్చట చెప్పేది. గట్లనే రాజుబాయి సంగతి తెలిసింది. గుట్టకింది గూడెం పిల్ల. రెండు కాన్పులైనయి, రెండు సార్లు బిడ్డ దక్కలే. ఇప్పుడు మూడోది, శ్రావణంల దినాలు నిండుతయి. "ఈసారి నేనుంట, నువ్వు భయపడకు అని చెయ్యి పట్టుకొని చెప్పిన మిస్త్రీ," అన్నది కరుణమ్మ.

మిరుగం, అంటే మృగశిర కార్తె వానలు పడ్డయి. రెండో వారంల ఒక మధ్యాహ్నం ఓ ఎడ్లబండి వచ్చి నా ముందట ఆగింది. బండిల కరుణమ్మ. పక్కన సైకిలు పడుకోబెట్టి ఉన్నది. రెండు చక్రాలు ఎక్కడున్నయో కనవడుతలేవు, అంత నల్లమన్నే.

"దించుకో నీ బండి. నీ సోకు నువ్వే పెట్టుకో."

నాకు కోపమొచ్చింది. నా పనికి వంకపెట్టే మనిషా అనుకున్న. "బండికేం తక్వ చేసిన నర్సమ్మా? తొక్కుడు రావాలె గని..."

"తొక్కుడా?" అన్నది. "నూరడుగులు పోంగనే చక్రం ఆగింది. పుల్లతోని గీకిన. మల్ల నూరడుగులు, మల్ల ఆగింది. ఆఖరికి ఎత్తుకొని నడిచిన. ఎంత బరువున్నదో నువ్వు ఎత్తి చూడు, అప్పుడు మాట్లాడు."

ఎత్తిన. మోకాళ్ల దాక లేపి దించేసిన.

ఆమె కోపం దిగిపోయింది. గది నాకు ఇంక కష్టమనిపిచ్చింది. "గూడెం కనవడుతనే ఉండె మల్లేశన్నా. నడుమ ఉన్న వాగు పొంగుతదని పొలాలకాడోళ్లు వెనుకకు మలిపిండ్రు. రాజుబాయి నాకోసం చూసి చూసి ఉంటది. డాక్టరు సాబ్ ఈసారికి ఊకుంటడేమో, ఇంకోసారి తప్పితే నేను కరీంనగర్‌కు పోవుడే. నేను పోతే గా పిల్ల కాన్పుకు ఎవ్వరొస్తరు?"

సాయంత్రం దాక ఉలి పెట్టి గా మన్ను కొట్టిన. మడ్‌గార్డు సందుల ఎండి ఇటుక అయ్యి కూసున్నది. మా కరీంనగర్ కాడ ఎర్రచెల్క, ఇసుక కలిసిన మన్ను. తడిసినా చక్రాన్ని పట్టుకోదు, నాలుగు తిరుగుళ్లకు రాలిపోతది. నల్లరేగడిల తడి బాట నేను ఒక్కనాడన్న తొక్కి చూడలే. దుకాణం పెట్టి రెండేండ్లయినా, గిరాకీలు బండ్లు తెస్తే చేసిచ్చుడే గని వాళ్లు యాడ తిరుగుతున్నరో పోయి చూడలే. సిగ్గనిపిచ్చింది.

తెల్లారి మబ్బులు తేలిపోయినయి. "రౌండ్‌కు నేను కూడ వస్త" అన్న. దుకాణం మూసి, నా సైకిలు మీద బయలెల్లిన. నాది కూడ నిండుగ రేకులున్న బండే, తళతళ మెరుస్తుండె.

చెరువు కట్ట మీద గట్టి మొరం నేల, హాయిగ పోయినం. నీళ్లు నిండుగ ఉన్నయి, గాలికి అలలు కట్టకు తాకుతున్నయి. గోదారి ఇసుకల దిగంగనే నా చక్రం పాములెక్క అటిటు పోబట్టింది. కరుణమ్మ దిగి తన టైర్ల గాలి జర తీసింది. "గట్టిగుంటే ఇసుకల దిగవడ్తది. నేనే నేర్సుకున్న" అన్నది. నేను కొట్టిన గాలి ఆమె ప్రతిసారి ఈడికి వచ్చి తీసేస్తున్నదన్న సంగతి నాకు గప్పుడే తెలిసింది.

గుట్టల దిక్కు మల్లినంక రేగడి మొదలైంది. నూరడుగులు కూడ పోలే, నా బండి ఆగింది. ఆమెది కూడ ఆగింది. ఇద్దరం పుల్లలు పట్టుకొని గీకుతుంటే వెనుక నుంచి ఒక రైతు రేకుల్లేని సైకిలు మీద గలగల వస్తున్నడు. మా ఊరోడే. దిగకుండ, ఒక కాలు కింద పెట్టి ఆగిండు.

"మిస్త్రీ, బట్టలున్న బండి ఈడిదాక వచ్చిందా?"

నేను తల వంచి పుల్లతోని ఇంక జోరుగ గీకిన.

గాయన నవ్వి, జాలిపడి చెప్పిండు. "గీ మన్ను అంటుడు ఆపేటోడు లేడు. చక్రానికి జాగ ఉంటే తిరిగిన కొద్ది దానంతల అదే ఊడి పడ్తది. రేకు అడ్డమున్నదనుకో, ఎటు పోతది? ఆడనే కూసుంటది."

జేబుల నుంచి నట్లు ఇప్పే పానా తీసిన. గా బాట మీదనే, బురదల మోకాళ్ల మీద కూసొని, నా చేతుల తోని ఆమె బండికి పెట్టిన మడ్‌గార్డులు నా చేతుల తోనే ఊడదీసిన, ఎంబడే నా బండివి కూడ. ఆమె బండి గేర్ కేస్ కూడ. దాంట్ల కూడ మన్ను నిండి చెయిన్ కదులుతలేదు. "మరి నా చీర?" అన్నది కరుణమ్మ. కుచ్చిళ్లు ఒక చేత పట్టుకొని, ఒక చేత హ్యాండిల్ పట్టుకొని ఎట్లనో తొక్కింది. గూడెం చేరేసరికి అంచు చెయిన్ల చిక్కి జానెడు చినిగింది, గ్రీసు తోని నల్లగైంది.

రాజుబాయి అత్త గుడిసె ముందట జొన్నలు చెరుగుతున్నది. మమ్ముల చూసి చాట కింద పెట్టలే. "నిన్న వస్తనంటివి, రాకపోతివి" అన్నది. కరుణమ్మ ఏం సాకులు చెప్పలే. చినిగిన చీర అంచు చూపిచ్చింది. ముసలామె చూసింది, కరుణమ్మ చేతుల బురద చూసింది, నా ముఖం చూసి పకపక నవ్వింది.

"నీ చీర కట్టుడు గిట్లుంటే ఎట్ల బాయీ? మేం గుట్టలెక్కుతం, నాట్లేస్తం. మాకు చీర అడ్డమొస్తదా? లోపటికి రా."

జరసేపటికి కరుణమ్మ బయటికొచ్చింది, అక్కడి ఆడోళ్ల లెక్క గోచి పెట్టి కట్టిన చీర తోని. కాళ్ల నడుమ నుంచి వెనుకకు తీసి బిగువుగ దోపుకున్నది. నడుస్తుంటే సిగ్గు, నవ్వు రెండూ వస్తున్నయి ఆమెకు. సైకిలెక్కి గుడిసెల చుట్టు ఒక తిరుగుడు తిరిగింది. ఏ కొస కూడ చెయిన్ దిక్కు పోలే. నేను పదిమందికి చెప్పుకున్న గేర్ కేస్ పని, గా ముసలామె ఏ రేకు లేకుండ చేసి చూపిచ్చింది.

రాజుబాయిని పరీక్ష చేసి వచ్చినంక కరుణమ్మ ముఖం మారింది. బిడ్డ తల మీదికి, కాళ్లు కిందికి ఉన్నయట. నొప్పులు మొదలుకాంగనే కబురు పెట్టుండ్రి, ఒక్క గడియ కూడ ఆలస్యం చెయ్యొద్దు అని మరీ మరీ చెప్పింది. శ్రావణం వానలకు ఎడ్లబండ్లు కూడ దిగవడే బాట, పిల్లను దవాఖానకు తెచ్చుడు అయ్యే పని కాదు.

శ్రావణంల ఒక పొద్దున రాజుబాయి పెనిమిటి తడిసి ముద్దై దవాఖానకు ఉరికొచ్చిండు. కరుణమ్మ గోచి పెట్టి, సంచి క్యారియర్‌కు కట్టుకొని, నా దుకాణం ముందటి నుంచే పోయింది. ఆగలే. ముసురు పడుతున్నది. గా దినం నేనేం పని చేసిన్నో నాకే తెల్వదు. మంచిగున్న ట్యూబుకు ప్యాచ్ ఏసిన. ఒకాయన బండికి బ్రేకులు ఉల్టా బిగిచ్చిన. నేను రేకులు పీకిన బండి దారిల ఆగితే ఎట్ల, ఏ నట్టు వదులైతే ఎట్ల అని ఒకటే పరేషాన్.

పొద్దు గుంకకముందే వచ్చింది. దిగి, నా తొట్ల చేతులు కడుక్కున్నది.

"ఆడపిల్ల," అన్నది. "కాళ్లే ముందొచ్చినయి. జరసేపు ఏడ్వలే. ఇగ అయిపాయె అనుకున్న. గప్పుడు ఏడ్చింది మల్లేశన్నా, గూడెమంత ఇనవడ్డది. నడిచి పోయుంటే అందకపోదును."

నేను అటు తిరిగి, ఎవ్వరిదో చక్రం పట్టుకొని గాలి కొట్టబట్టిన. ఏడ్సిన, దాపరికం ఎందుకు. ఆమె కూడ ఏడ్సింది. డాక్టరు సాబ్ గోచి చీర చూసి ఒక్క మాట అనలేదట. దసరా దాటినంక, వాపస్ పంపే మాటే మల్ల ఎత్తలే. కరుణమ్మ మా ఊర్ల నాలుగేండ్లున్నది.

ఆమె బండికి పీకిన గా మడ్‌గార్డులను నేను అమ్మలే. గుంజకు మొల కొట్టి తగిలిచ్చిన. మరుసటేడు ఎండకాలంల ఒక అంగడి దినం, అంటే సంతనాడు, సంకల పిల్లనెత్తుకొని ఒకామె, ఎంబడి గూడెంల చీర కట్టిచ్చిన ముసలామె దుకాణం ముందటికొచ్చిండ్రు.

"రేకులు పీకిన మిస్త్రీ నువ్వేనా?" అన్నది పిల్లతల్లి.

"నేనే రాజుబాయీ. గవే రేకులు."

సంకల పిల్ల చెయ్యి చాపి మడ్‌గార్డును డబడబ కొట్టింది. మోత ఇని ఇంక కొట్టింది. తీసి చేతికిస్తే విడువలే, ఏడ్పు మొదలుపెట్టింది. గొంతు పెద్దదే. తీస్కపొమ్మన్న. గట్ల ఒక మడ్‌గార్డు గుట్టకింది గూడెం పోయింది.

గా దినం సంది ఎవ్వరు బండి తెచ్చినా పానా పట్టకముందు ఒక్కటే అడుగుత: ఏ బాటల తిరుగుతవ్? నాకు ఎరుకలేని బాటైతే దుకాణం మూసి, వానల తడిసినా సరే, ఒకసారి తొక్కి చూసి వస్త. వచ్చినంకనే పని మొదలుపెడ్త.