రేడియేటర్లో పిచ్చయ్య

మార్టూరులో మొహిద్దీన్ బాషా మేస్త్రీ వైరింగ్ చేసిన ప్రతి లారీలోనూ ఒక దెయ్యం ఉంటుంది. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారు కాదు. పని అయ్యాక తాళం చేతికిస్తూ ఆయనే చెబుతాడు. దెయ్యం పేరు తుమ్మల పిచ్చయ్య. పూర్వాశ్రమంలో లారీ డ్రైవరు. మకాం రేడియేటర్లో. బెల్లం టీ అంటే ప్రాణం, తొందరపడేవాళ్ళంటే ఒళ్ళుమంట.

"ఇన్ని బండ్లలో ఒక్క పిచ్చయ్య ఎట్లా ఉంటాడు మేస్త్రీ?" అని అడిగితే, "కరెంటు ఒక్కటే కదా, ఇన్ని ఇళ్ళలో లేదూ?" అంటాడు.

పానకాలుకి ఈ కబుర్లంటే చిరాకు. పైగా అన్నం ఉడక్కముందే విస్తరి వేసుకునే రకం. సొంత లారీ, పాతది. మార్టూరు నుంచి వినుకొండకి గ్రానైటు పలకలు తోలతాడు. బండి ఆపడం ఆలస్యం, తడిగుడ్డ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పేస్తాడు. అట్లా రెండు వేళ్ళు ఇప్పటికే కాలాయి. "ఆ మూత తిప్పీ తిప్పీ ఏదో ఒకరోజు కళ్ళు పోగొట్టుకుంటావయ్యా! ముందు ఆ కరెంటు ఫ్యానేదో పెట్టించుకునిరా" అని పెళ్ళాం వెంకటేశ్వరమ్మ తరిమితే మేస్త్రీ షెడ్డుకొచ్చాడు.

మిట్టమధ్యాహ్నం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. రాళ్ళు కోసే మిషన్లన్నీ ఒక్కసారే ఆగిపోయి ఊరంతా చెవులు మూసినట్టయింది. నెత్తి నుంచి కాళ్ళ దాకా రాతిపొడితో తెల్లబడ్డ కూలీలు మాటాపలుకూ లేకుండా రోడ్డు దాటుతున్నారు. షెడ్డుని ఆనుకుని టీ కొట్టు. కొట్టు పెద్దాయన మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు, ఒక్క కన్నే కనిపిస్తోంది. దుమ్ముకి అక్కడ అందరూ చుట్టుకునేవాళ్ళే కాబట్టి పానకాలు పట్టించుకోలేదు.

మేస్త్రీ ఆ కొట్టు స్టవ్ మీద గిన్నెతో నీళ్ళు పెట్టి, టెంపరేచర్ స్విచ్‌ని వైరుతో అందులోకి వేలాడదీశాడు. ఆ వైరుకి బ్యాటరీ, చిన్న బల్బు తగిలించాడు.

"ఇదేందండీ, స్విచ్‌ని ఉడకబెడుతున్నారు?"

"ష్. పిలుస్తున్నా."

నీళ్ళు గుసగుసలాడాయి. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. టక్కున బల్బు వెలిగింది.

"వచ్చాడు" అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి.

పానకాలు గట్టిగా నవ్వాడు. "నీళ్ళు కాగితే స్విచ్ కలుస్తది, బల్బు వెలుగుతది. నాకు తెలీదా?"

"తెలిసినోడివి, మరి వెంట్రుకలు ఎందుకు నిక్కబొడుచుకున్నాయయ్యా?"

పానకాలు చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

స్విచ్‌ని రేడియేటర్‌కి బిగించి, దాని వైరు ఫ్యానుకి కరెంటు వదిలే రిలేకి ఇచ్చి, ఫ్యానుకి లావుపాటి వైరు ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీ నుంచి లాగుతుంటే పానకాలు అడ్డం పడ్డాడు. "తాళానికి కలపండి మేస్త్రీ! బండి ఆపితే ఫ్యాను కూడా ఆగాల."

"బండి ఆపితే వేడి ఆగుద్దా? ఇంకాస్త పెరుగుద్ది. పిచ్చయ్యకి నీ తాళంతో పని లేదు. ఫ్యాను ఎప్పుడైనా తిరగొచ్చు, చెయ్యి పెట్టమాక. ఫ్యాను ఆగాక కూడా నిదానంగా ఒక టీ తాగు. రేడియేటర్ పూర్తిగా చల్లారిందాకా ఆగు. అప్పుడు మూత మీద మూడుసార్లు తట్టి, 'పిచ్చయ్య మావా, తియ్యనా?' అని అడిగి తియ్యి."

"అడక్కుండా తీస్తే?"

"నీ మొహం కూడా తన మొహంలాగే చేస్తాడు."

టీ పెద్దాయన గ్లాసు అందిస్తూ, ఆ ఒక్క కంటితో పానకాలుని ఎగాదిగా చూశాడు.

మూడో రోజు వినుకొండ దారిలో పానకాలు బండి ఆపాడు. ఏరేసిన పత్తి చేలు, ఎండిన కట్టె, కనుచూపుమేరలో మనిషి లేడు. వేడి ముల్లు ఎరుపు దాకా పోలేదు, ఫ్యాను తిరగడం లేదు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ముందు రేకు ఎత్తి, చేతికి తడిగుడ్డ చుట్టాడు. "పిచ్చయ్యా లేడు, గిచ్చయ్యా లేడు" అనుకుంటూ మూత మీద చెయ్యి వేసి కొంచెం తిప్పాడు.

కాకి అరుపు కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో, ఆగిపోయిన బండిలో, ఫ్యాను తనంతట తనే గిర్రున తిరిగింది. వెచ్చటి గాలి ఎవరో ఊపిరి వదిలినట్టు మెడకి తగిలింది. జేబు తడుముకున్నాడు. తాళం జేబులోనే ఉంది!

"ఓర్నాయనో!" ఒక చెప్పు అక్కడే వదిలేసి పత్తి చేలో పడ్డాడు. వెనకాల ఢామ్మని మూత ఎగిరింది. సలసల కాగే నీళ్ళు అద్దం దాకా చిమ్మాయి. ఇంతకు ముందు తన మొహం ఉన్న చోట ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు.

పానకాలు కట్టెల మధ్య కూలబడి తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, చివరికి దండం పెట్టాడు. "పిచ్చయ్య మావా, తప్పయిపోయింది."

మర్నాడు పొద్దున్నే కొబ్బరికాయ, అగరొత్తులు, చుట్టల కట్ట, బెల్లం అచ్చు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. జరిగింది చెప్పాడు. వింటూ వింటూ మేస్త్రీ గోడవైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

"మీరు ఏడవబాకండి మేస్త్రీ. నాకేం కాలేదు. ఇయ్యన్నీ ఎక్కడ పెట్టమంటారు? రేడియేటర్ ముందా?"

"ఇటియ్యవయ్యా" అన్నాడు టీ పెద్దాయన. తువ్వాలు విప్పాడు. మొహం ఒక పక్కంతా కాలి ముడుచుకుపోయింది, ఆ కన్ను లేదు. రెండోది మాత్రం తెగ నవ్వుతోంది. "తుమ్మల పిచ్చయ్యని నేనే. ఇంకా పోలా."

పానకాలు చేతిలో కొబ్బరికాయ కిందపడి దానంతటదే పగిలింది.

"పదహారేళ్ళ కిందట మూత తియ్యమాకని ఈయన మొత్తుకున్నాడు, నేను విన్లా" అన్నాడు పిచ్చయ్య. "నేను బండి తోలడానికి పనికిరాకుండా పోతే తన షెడ్డులో సగం ఇచ్చి ఈ కొట్టు పెట్టించాడు. నా మొహం చూపించి డ్రైవర్లని భయపెట్టమని నేనే అన్నా. ఛ, మొహం ఎందుకు, పేరు చాలన్నాడు."

మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళే. "మేస్త్రీ చెబితే ఎవడు వింటాడు పానకాలూ? దెయ్యం చెబితే చచ్చినట్టు వింటాడు."

పానకాలు పిచ్చయ్య చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇంతలో పొగలు కక్కుతూ ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దూకి, తడిగుడ్డ పట్టుకుని ముందుకి పరిగెత్తాడు.

"ఒరేయ్, ఆగరా!" పానకాలు కేక షెడ్డు అదిరేలా ఉంది. "లోపల పిచ్చయ్యున్నాడు!"

దెయ్యం గబగబా తువ్వాలు చుట్టుకుని, టీకి బెల్లం కొట్టడం మొదలెట్టింది.