రెండు సూతులు

మా గల్లీ మూలన ఎస్టీడీ బూత్ తెరిచాక షోలాపూర్ పక్కింటికి వచ్చేసిందని మా ఆయన సంబరపడ్డాడు. అంతకుముందు ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చుంటే పూట గడిచేది. ఇప్పుడు నంబరు తిప్పగానే మా అన్న పలికేవాడు. అంత గొంతు అంత సన్నటి తీగలో ఎట్లా పడుతుందో నాకు అంతుబట్టేది కాదు.

అన్నకు షోలాపూర్‌లో తువ్వాళ్లు నేసే మరమగ్గాలున్నాయి. తువ్వాలు అంచున పువ్వు లేపాలని ఆయన కోరిక. అందుకు దారాలను ఎత్తే, గాడి ఉన్న ఇనుప పట్టీ కావాలి, బజారులో దొరకదు. మేముండే కామాటిపురలో మా ఆయనది చిన్న లేత్ కార్ఖానా. ఇన్నాళ్లూ ఒకరు గీసిచ్చింది కోసిన మనిషి, మొదటిసారి సొంతంగా ఆలోచించి ఆ పట్టీ చేశాడు. పట్టీ బస్సులో వెళ్లేది, లోపం ఫోనులో వచ్చేది. రెండుసార్లు మగ్గం నాలుగు పోట్లు వేసి ఆగిపోయింది.

"ఇదీ తప్పితే తలుపుల మడత బందులే చేసుకుంట. కొత్తవాటి జోలికి పోను" అన్నాడు మూడోది పంపుతూ. తిండి సహించడం లేదాయనకు. నాకు భయమేసింది.

ఆదివారం ఇద్దరం బూత్‌లో ఇరుక్కుని నిలబడ్డాం. అన్న అరుపు నాకూ వినబడింది.

"గాడి రెండు సూతులు పెంచుమంటే గింత బొంద పెట్టినవేంది బావా!"

"రెండు సూతులే పెంచిన! కొలిచి చూస్కో బావా!"

బావా బావా అంటూనే తిట్టుకుంటున్నారు. నవ్వొచ్చింది, వెంటనే అనుమానమూ వచ్చింది. కార్ఖానాలో సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా పుట్టింట్లో సూత్ అంటే నూలు పోగు. అన్న రెండు పోగులంత సందు అడిగితే ఈయన పావు అంగుళం కోసేశాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఇంతెందుకని అడగనే లేదు.

రిసీవర్ లాక్కున్నాను. "అన్నా, నీ సూత్ వేరు, ఈయన సూత్ వేరు!"

విషయం చెబితే అటు అన్న "పోగులే పంపుత ఆగు" అన్నాడు. ఇటు ఈయన నెత్తి కొట్టుకున్నాడు.

అన్న రెండు పోగులు కాగితానికి అంటించి బస్సులో పంపాడు. వాటిని వేళ్ల మధ్య నలుపుతూ ఈయన నాలుగో పట్టీ కోశాడు.

అది చేరాక మళ్లీ బూత్‌కు వెళ్లాం. నంబరు తిప్పి, రిసీవర్ నాకిచ్చి పక్కకు తిరిగాడు. "నువ్వే విను. నాతోని కాదు."

అన్న తన రిసీవర్‌ను మగ్గం దగ్గర పెట్టాడు, పోటు మీద పోటు వినిపించింది. నా చేతిలోని రిసీవర్‌ను ఈయన చెవికి ఆనించాను. చాలాసేపు విన్నాడు. కళ్లు నిండాయి.

"ఆగుతలేదే" అన్నాడు. "ఆగుతనే లేదు."