పోశెట్టి చెప్పింది ఇంత కాదు

తొమ్మిదేళ్లుగా ఒక ముసలాయన మాటలు నా దగ్గరే ఉండిపోయాయి. అవతలివాళ్లకు చెప్పమని ఆయన నన్ను నమ్మి ఇచ్చిన మాటలు. నేను చెప్పలేదు. మింగేశాను అందామంటే, మింగింది ఎప్పటికో అరగాలి కదా. ఇవి అరగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆయన అసలు పేరు కూడా పోశెట్టి కాదు. కానీ ఏదో ఒక పేరుతో పిలవకపోతే నా చేత ఈ రాత సాగదు.

అప్పట్లో నేను సౌదీలో, రాబిగ్ అనే ఊళ్లో, ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో ఉండేవాణ్ని. ఆఫీసులో కాగితాల పని. ఇకామాల రెన్యువళ్లు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులవి, గేట్ పాసులు, సెలవు చీటీలు. మాది కాకినాడ వైపు. పెళ్లయిన ఏడాదికే విడిపోయి, ఊళ్లో మొహం చూపించలేక వచ్చేశాను. గదిలో నాతో పాటు ముగ్గురుండేవాళ్లు, కానీ వాళ్ల షిఫ్టులు వేరు. నేను లేచేసరికి వాళ్లు నిద్రలో ఉండేవాళ్లు. నేను తిరిగొచ్చేసరికి మంచాలు ఖాళీ. మా అన్నయ్యకు ఫోన్ చేస్తే "ఎలా ఉన్నావురా" అని అడిగి, జవాబు వినకుండానే ఫోను పిల్లల చేతికిచ్చేవాడు. కొన్ని శుక్రవారాలు నా గొంతు నాకే వినిపించేది కాదు. సాయంత్రం కొట్టుకు వెళ్లి పెరుగు అడిగితే, మొదటి మాట బొంగురుగా వచ్చేది.

ఆ క్యాంపులో క్లీనింగ్ పని చేసే మనిషి పోశెట్టి. మెట్‌పల్లి దగ్గరి పల్లె. వచ్చి పాతికేళ్లు దాటింది. లాండ్రీ గదుల వెనక, గోడ నీడ పడేచోట, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు సగానికి కోసి పన్నెండు వరసగా పెట్టుకున్నాడు. వాటిలో గోంగూర, తోటకూర, మెంతికూర, టమాటా, రెండు కరివేపాకు మొక్కలు. ఒక శుక్రవారం ఏమీ తోచక అటు నడిచి, ఆకులు చూసి ఆగిపోయాను. "కాకినాడ తమ్మివా నువ్వు? గోంగూర దింటవా?" అన్నాడు. అలా మొదలైంది. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ని. కొన్నాళ్లకు ఆయన నన్ను కొడుకా అనడం మొదలుపెట్టాడు.

ఆ మట్టి గురించి చెప్పాలి. చెప్పకపోతే నేనేం పాడుచేశానో మీకు అర్థం కాదు. అక్కడ ఉన్నది ఉప్పు ఇసుక. దాంట్లో ఏమీ బతకదు. ఊరి బయట మేకలు కాసేవాళ్ల దగ్గర ఎరువు తెచ్చి, మెస్సులో మరిగించి పారేసిన టీ పొడి, ఉల్లిపొట్టు, రాలిన ఖర్జూరపు మట్టలు ముక్కలుగా కోసి పరిచి, ఏళ్ల తరబడి ఆయన దాన్ని మట్టిని చేశాడు. ఏసీల పైపుల్లోంచి కారే నీళ్లు బకెట్లకు పట్టి పోసేవాడు. కుళాయి నీళ్లు పోయడు, ఉప్పని. మందు వేయడు. అన్నిటికంటే ముఖ్యం, తవ్వనివ్వడు. నేను ఒకసారి ఎండిపోయిన టమాటా మొక్కను పీకబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "పీకకు కొడుకా. మొదలుకాడికి కొయ్యి. ఏరు లోపల్నే ఉండాలె. అది కుళ్లి మట్టికే బువ్వయితది. మట్టిని కదిలిస్తె మల్ల మొదటికొస్తది." పైన పరిచిన మట్టల ముక్కలు తొలగిస్తే కింద నల్లగా, తడిగా, వానపాములు కదిలేవి. ఆ ఇసుకదేశంలో వానపాములు. నేను వాటిని చాలాసేపు చూస్తూ కూర్చునేవాణ్ని. అప్పటికి నాకు తోడంటే అవే, ఆయనే.

ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆకును వేళ్లతో తడిమి, నలిపి వాసన చూసి, ఏ మొక్కో చెప్పేవాడు. కంపెనీ ఇన్సూరెన్సు మీద జెద్దాలో ఆపరేషనుకు తేదీ కూడా ఇచ్చారు. ఆ కాగితం తయారు చేసింది నేనే.

ఆ చలికాలం మూలనున్న డ్రమ్ములో ఒక కొత్త మొక్క లేచింది. ఎవరూ నాటలేదు. స్టోర్ కీపర్ పంజరంలో చిన్న పిట్టల్ని పెంచేవాడు. ఆ పంజరం కింద ఊడ్చిన చెత్త కూడా బాబాయ్ డ్రమ్ముల్లోనే పోసేవాడు. పిట్టల గింజల్లో కలిసి వచ్చి ఉంటుంది. రెండు జానలు ఎదిగాక నేను దాన్ని గుర్తుపట్టాను. విశాఖలో చదువుకునే రోజుల్లో హాస్టల్ మిద్దె మీద మేం నలుగురం కూర్చునేవాళ్లం. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే గంజాయి. నేను ఎక్కువ పీల్చింది లేదు. కానీ ఆ ఆకు నాకు తెలుసు. ఆ దేశంలో దాని అర్థమేమిటో కూడా తెలుసు.

గోంగూర ఆకు చూశారు కదా, వేళ్లు విప్పిన అరచేతిలా ఉంటుంది. ఇదీ అలాగే ఉంటుంది, ఇంకా సన్నంగా.

బాబాయ్ తడిమి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. "గిది గోంగూరనేనా కొడుకా? పులుపు వాసన లేదు. నా కండ్లకైతె గట్లనే కనవడ్తుంది."

నేను "గోంగూరే బాబాయ్. వేరే రకం" అన్నాను.

ఎందుకన్నాను? ఆ క్షణాన పీకి పారేస్తే అయిపోయేది. ఆయన పీకొద్దన్నా పీకి ఉండాల్సింది. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది: ఆ వాసన వస్తే ఆ మిద్దె గుర్తొచ్చేది, ఆ నలుగురు గుర్తొచ్చేవాళ్లు, నా పేరు పెట్టి పిలిచి నవ్వేవాళ్లు. అది నిజమే. కానీ అంతేనా? పూత వచ్చాక కోసి ఆరబెట్టుకోవచ్చని నేను అనుకోలేదా? అనుకున్నాను. తీరా చేసేవాణ్నో లేదో తెలియదు, అనుకున్న మాట మాత్రం నిజం. నాదంటూ ఒక రహస్యం ఉండటం బాగుండేది. అంత ఖాళీగా ఉన్నవాడికి రహస్యం కూడా ఒక మనిషితో సమానం. దాని కోసం మరో మనిషి మొక్కల మధ్య, ఆయన చేతుల కింద దాన్ని దాచాను.

బాబాయ్ దాన్ని మిగతావాటికంటే బాగా చూసుకున్నాడు. వేరే రకం అన్నాను కదా. గింజ కట్టాక ఊరికి పట్టుకుపోతానన్నాడు. నడుము ఎత్తు ఎదిగింది. పూత వచ్చింది. వాసన గోడ దాటింది.

ఒక ఉదయం పదింటికి సెక్యూరిటీ అతను ఆఫీసులోకి వచ్చి మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. పావుగంటలో బాబాయ్‌ని పిలిపించారు. మేనేజరుకు అరబీ, ఇంగ్లీషు తప్ప రావు. బాబాయ్‌కి తెలుగు, పనికి సరిపడా హిందీ. మధ్యలో నన్ను నిలబెట్టారు. ఆ మొక్క కొమ్మ ఒకటి బల్ల మీద ఉంది, న్యూస్ పేపరు మీద. బాబాయ్ వంగి, దాన్ని చూడటానికి కళ్లు చికిలించాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. పోలీసులదాకా పోతే అందరికీ చుట్టుకుంటుందని భయపడ్డాడు, ముసలాయన మీద జాలి కూడా పడ్డాడు. నాతో అన్నాడు, "ఒక్కటే అడుగు. ఇది ఏమిటో ఇతనికి తెలుసా? ఎవరైనా ఇచ్చారా, ఎవరైనా చెప్పారా?"

నేను అడిగాను. బాబాయ్ చేతులు కట్టుకుని, తొందర లేకుండా చెప్పాడు.

"సారుకు చెప్పు కొడుకా. నా కండ్లు సక్కగ కనవడ్తలెవ్వు. ఆకు గోంగూర లెక్కనే ఉన్నది గని వాసన తేడా ఉన్నది. నాకు అనుమానం వచ్చింది. ఈ కొడుకునే అడిగిన, గిది గోంగూరనేనా అని. గోంగూరనే, వేరే రకం అన్నడు. ఈయన సదువుకున్నోడు. ఈయన చెప్పినంక నేను ఇంకెవర్ని అడగాలె? కావాల్నంటె ఈయన్నే అడుగుండ్రి."

మేనేజరు నా వైపు చూశాడు.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. నా చెవుల్లో ఏసీ చప్పుడు. నేను ఇంగ్లీషులో అన్నాను, "తనే పెంచానంటున్నాడు. కూరాకు అనుకున్నాడట."

అంతే. రెండు వాక్యాలు.

మేనేజరు నిట్టూర్చాడు. పాతికేళ్లుగా ఆకుకూరలు పెంచేవాడు కూరాకు అనుకున్నానంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. బాబాయ్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు.

"నేను గంత పొడుగు చెప్తె నువ్వు గింతే చెప్పినవేంది కొడుకా?"

"ఇంగ్లీషులో అంతే పడుతుంది బాబాయ్."

ఆయన తలూపాడు. నమ్మాడు.

నమ్మాడనే అనుకుంటున్నాను. ఒకవేళ నమ్మకపోయినా తలూపాడా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఎన్నోసార్లు వెనక్కి వెళ్లిపోయాను.

పోలీసులకు చెప్పలేదు. రెండు రోజుల్లో ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడం. ఆ కాగితాలూ నేనే చేశాను. కారణం రాసే చోట "సొంత కోరిక మేరకు" అని టైపు చేసి ఆయన ముందు పెట్టాను. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాను, ఎందుకంటే ఆయనకు ఆ గీత కనబడలేదు. జెద్దాలో కంటి ఆపరేషను తేదీకి ఇంకా పందొమ్మిది రోజులుంది. అది రద్దు చేసిన మెయిలు కూడా నా పేరు మీదే పోయింది.

ఆయన వెళ్లిన మర్నాడు చిన్న లోడరు బండి వచ్చి డ్రమ్ములన్నీ బోర్లించింది. ఆ నల్లటి మట్టి తెల్ల ఇసుక మీద కుప్పగా పడింది. కిటికీలోంచి చూశాను. మధ్యాహ్నానికి పైపొర ఎండి బూడిద రంగు తిరిగింది. వెళ్లి వానపాముల్ని ఏరి ఎక్కడైనా నీడలో వేద్దామనుకున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కుర్చీలోంచి లేవలేదు. అంత భయం. వానపాములకు కూడా సాయం చేయలేనంత భయం.

మూడేళ్లకు సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఊరు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. బస్సులో వాక్యాలు కట్టుకున్నాను. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బాబాయ్" అన్న ఒక్క మాటకే నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటితో వెలుతురూ నీడా తెలుస్తాయట. వచ్చాక ఆపరేషను ఇవాళ రేపు అంటూ వాయిదా పడిందట, ఈలోగా కంట్లో నొప్పి ముదిరి, పెద్దాసుపత్రికి వెళ్లేసరికి ఆలస్యమైందన్నారట. ఇవన్నీ ఆయన కూతురు చెప్పింది. ఆయన మధ్యలో ఆపి, నా చేతిని తడిమి పట్టుకుని ఆమెతో అన్నాడు.

"గీయననే బిడ్డా, ఆ దినం నా దిక్కుకెల్లి మాట్లాడినోడు. ఈయన లేకుంటె నన్ను జైల్ల ఏస్తుండిరి. సారును మంచిగ ఒప్పిచ్చి ఇంటికి పంపిచ్చిండు."

ఆమె నాకు రెండు చేతులూ జోడించింది. తర్వాత అన్నం పెట్టింది. నేను తిన్నాను. ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది, కానీ దిగింది. ఆకలిగా ఉంది, తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను. బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. ఆ ఊరి మలుపు దాటేదాకా, వెనక్కి వెళ్లి చెప్పొచ్చు అనుకుంటూనే ఉన్నాను.

మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు నేను జెద్దాలో ఉన్నాను, వేరే కంపెనీలో. ఆయన బతికే ఉన్నాడని మెట్‌పల్లివాళ్లు ఒకరిద్దరు చెబుతుంటారు. కూతురి నంబరు నా ఫోన్‌లో ఉంది. చెబితే ఆయనకు ఏమొస్తుంది, ఉన్న ఆ కాస్త మంచి జ్ఞాపకం కూడా పోవడం తప్ప? ఇలా అనుకున్నప్పుడల్లా నాకు నేనే పట్టుబడిపోతాను. ఆయన మేలు చూసి ఆగానా నేను? ఎప్పుడైనా చూశానా?

నేను ఆయన తరఫున మాట్లాడలేదు. ఆ మొక్క ఏమిటో ఆ క్యాంపులో అందరికంటే ముందు తెలిసినవాణ్ని నేనే. ఆయన అడిగితే గోంగూర అని చెప్పింది నేనే. ఆ సంగతి ఆయన నా మొహం మీదే చెబుతుంటే, ఇంగ్లీషులో లేకుండా చేసింది కూడా నేనే. దీన్ని ఏ భాషలోనూ ఇంతవరకూ పైకి అనలేదు. ఇప్పుడు గదిలో ఎవరూ లేరు. ఒకసారి గట్టిగా చదివాను. గొంతు బొంగురుగా వచ్చింది, కానీ చివరిదాకా వచ్చింది.