వెయ్యిన్నొక్క ఆటలూ నేనే ఆడానట!

అచ్చులో పడిన మాట అబద్ధం ఎలా అవుతుందని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉండేవి. ఆ రోజుల్లో బెంగాల్లోని మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో దాదాపు ఇంటింటికీ టీవీ వచ్చేసింది కానీ, ఆ టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్ మాత్రం ఇంకా ఊరించే వస్తువే. మెట్రిక్ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నేను (గట్టెక్కించారు అంటే సరిగ్గా ఉంటుంది) మా ఊళ్ళోనే ఖరిదా పేటలో ఒక చిన్న తెలుగు మాసపత్రిక ఆఫీసులో పనికి కుదిరాను. ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. ఒక గది, ఒక బల్ల, ఫ్యాన్ వేస్తే ఎగిరిపోయే కాగితాలు, ఫ్యాన్ ఆపితే కారిపోయే మేము. చిరునామాలు అంటించడం, ప్రూఫులు చూడడం, వచ్చినవాళ్ళకి టీ తెప్పించడం నా ఉద్యోగం. మా ఎడిటర్‌బాబు పగలంతా రైల్వే ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం అయ్యేసరికి సంపాదకుడు. కలం పడితే సంస్కృతం కలిపిన తెలుగు ఆయనది. ఎంత మంచి మనిషంటే, కోపం వచ్చినా "అమ్మా" అనే మొదలుపెట్టేవారు.

కుర్రకారు మన పత్రిక ముట్టుకోవడం లేదని ఆయనకి బెంగ పట్టుకుంది. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మా, నువ్వు ఆ గోల్‌బజార్ షాపులో టీవీ ఆటలు ఆడతావని మీ చిన్నాన్న చెప్పినాడు. నిజమేనా?" అన్నారు. తిట్టడానికే అనుకుని, "ఎప్పుడో ఒకసారండీ" అని గొణిగాను. (వారానికి ఎన్నిసార్లు ఒకసారో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.) "అయితే వాటి గురించి రాయి. ఏది బాగుంది, ఏది బాగాలేదు, నీకు తోచినట్టు" అన్నారు. అలా నేను రచయిత్రినైపోయాను! "టీవీ ఆటలు" అనే శీర్షిక కింద నా పేరు అచ్చులో చూసుకుని, ఆ పేజీని మా అమ్మకి, పక్కింటి బెంగాలీ దీదీకి, ఆఖరికి పాలవాడికి కూడా చూపించాను. పాలవాడికి ఏ భాషా చదవడం రాదు, అయినా తల ఊపాడు.

గోల్‌బజార్‌లో ఆ షాపు యజమానిని అందరూ వీడియో దాదా అనేవారు. అసలు బెంగాలీ మనిషే కానీ, బేరానికి వచ్చేది రైల్వేలో పనిచేసే మన తెలుగువాళ్ళే కాబట్టి తెలుగు గడగడా మాట్లాడేవాడు, అదీ మన శ్రీకాకుళం యాసలో. రాయడం, చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు. నేను పత్రికలో రాస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి నాకు కుర్చీ వేయించి, కొత్త కేసెట్ ఏదొచ్చినా ముందు నా చేతికే ఇచ్చి, వేడి సింగారా, అదే సమోసా, తెప్పించేవాడు. సింగారా తింటూనే అనుకునేదాన్ని, ఇది తిన్నంత మాత్రాన లేని మంచి రాస్తానా అని. (రెండోది తినేటప్పుడు ఆ మాట కొంచెం మెల్లగా అనుకునేదాన్ని.)

దుర్గాపూజ ముందు మా ఊళ్ళో గాలి మారిపోతుంది. రైల్వే వర్క్‌షాపులో బోనస్ ఇస్తారు. ఆ బోనస్ జేబులో పడకముందే పిల్లలు దానికి పేరు పెట్టేస్తారు. ఆ ఏడు అందరు పిల్లలూ పెట్టిన పేరు ఒకటే: వీడియో గేమ్. దాదా కొత్త సెట్టు తెప్పించాడు. దాంతో వచ్చే కేసెట్ మీద మెరిసే అక్షరాలతో వెయ్యిన్నొక్క ఆటలు అని ఉంది. మా చిన్నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన కొడుకులిద్దరూ ఆ సెట్టు కోసం అన్నం మానేశారు. చిన్నాన్న నా దగ్గరకొచ్చి, "ఒలే గుంటా, నువ్వు ఆడి సూసి పుస్తకంలో రాస్తావు గదా. బాగుందని నువ్వు రాస్తే కొంతాను, లేదంటే నేదు. పిన్నికి కుట్టుమిషన్ కొంతానని మాటిచ్చినాను. ఆ డబ్బులే ఇవి" అన్నాడు. నా రాత మీద పిన్ని కుట్టుమిషన్ ఆధారపడి ఉందంటే మాటలా!

అందుకే ఆ కేసెట్‌ని శ్రద్ధగా ఆడాను. మొదట ఓ పొట్టివాడు గోడలు దూకుతాడు. బాగుంది. తర్వాత ఓ కారు పందెం, ఓ బాతుల వేట, ఓ కుస్తీ. బాగున్నాయి. ఆ తర్వాత మళ్ళీ అదే పొట్టివాడు, ఈసారి ఆకుపచ్చ నిక్కరుతో. మరికాసేపటికి నీలం నిక్కరుతో. కారు కూడా అంతే, రంగు మార్చుకుని కొత్త పేరుతో వచ్చింది. ఎంత దూరం వెళ్ళినా నిక్కర్లు మారాయి తప్ప మనిషి మారలేదు! నేను అదే రాశాను. "ఇందులో ఉన్నవి చేతివేళ్ళకి సరిపడా ఆటలు, మిగతావన్నీ పొట్టివాడి బట్టల బీరువా" అని రాశాను. సెట్టుకి కరెంటు అందించే డబ్బా ఎంత వేడెక్కుతుందంటే దాని మీద అట్టు పోసుకోవచ్చని కూడా రాశాను. ఎడిటర్‌బాబు చదివి పగలబడి నవ్వారు. ప్రూఫు మాత్రం, "ఈ పేజీ నేను ఇంటిదగ్గర చూసుకుంటాలే అమ్మా" అని సంచిలో పెట్టుకున్నారు. ఆయన నవ్వు చూశాను గానీ సంచి సంగతి ఆలోచించలేదు.

ఇప్పుడు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. వర్క్‌షాపులో పనిచేసే మనవాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు. బడికి వెళ్ళినవాళ్ళేమో బెంగాలీయో హిందీయో చదువుకున్నారు. అందుకని పత్రిక వచ్చిన ఆదివారం సాయంత్రం తెలుగు సంఘం హాల్లో అందరూ కూర్చుంటే, ఒకరు మొదటి పేజీ నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించాలి. నా గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపిస్తుందని ఆ పని నాకిచ్చారు. పూజ సంచిక కాబట్టి ఆ రోజు హాలు కిటకిటలాడింది. వెనక అట్ట మీద నిండుగా ప్రకటన ఇచ్చినందుకు వీడియో దాదాకి దండ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ప్రెస్సు నుంచి వచ్చిన కట్ట నా కళ్ళముందే విప్పారు. అంటే, అందరితో పాటే నేనూ మొదటిసారి చూడడం.

శీర్షిక, నా పేరు చదివాను. చిన్నాన్న ముందుకు జరిగి, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. నేను మొదలుపెట్టాను. "పిల్లల బుద్ధి వికాసమునకు, నేత్ర దృష్టికి, జీర్ణశక్తికి దోహదము చేయు విజ్ఞాన భాండాగారము. ఇందలి వెయ్యిన్నొక్క క్రీడలనూ నేను స్వయముగా ఆడి..." అక్కడే ఆగిపోయాను. పైన చూశాను, పేరు నాదే. కింద చూశాను, మాట ఒక్కటీ నాది కాదు. నా చీర కట్టుకుని ఎవరో పరాయి మనిషి వీధిలో వెళుతుంటే చూసినట్టు ఉంది.

"ఏటే, ఆగిపోనావు?" అన్నాడు చిన్నాన్న. "ఇవి నీ మాటల్లాగ నేవే. అంత నోరు తిరిగే మాటలు నీకెవలు నేర్పినారే?"

చిన్నాన్న చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది. నేను ఎడిటర్‌బాబు వైపు చూశాను. ఆయన ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు. అప్పుడు నాకేమైందో తెలియదు. కళ్ళు కాగితం మీదే ఉంచి, వేలు వరస తప్పకుండా జరుపుతూ, నేను రాసింది రాసినట్టు గుర్తున్నంత మేరా గడగడా చదివేశాను. పొట్టివాడు, ఆకుపచ్చ నిక్కరు, నీలం నిక్కరు, బట్టల బీరువా, అట్టు, అన్నీ. హాలంతా ఒకటే నవ్వులు. దాదా ఒక్కడే నవ్వలేదు. మెడలో దండతోనే లేచి నిలబడ్డాడు.

"ఏ క్యా హై ఎడిటర్‌బాబూ? వెనక అట్ట నాను తీసుకున్నాను, లోపల నా కేసెట్‌నే తిట్టి రాసినారా?"

ఎడిటర్‌బాబు కంగారులో కుర్చీ తన్నుకుని లేచారు. "లేదు దాదా, ఒట్టు! అది అందులో లేదు! అదంతా నేను తీసేసినాను కదా, మంచిగా మార్చి వేసినాను కదా!"

తను ఏమన్నారో ఆయన చెవికి అప్పుడే చేరింది కాబోలు, ముఖం సున్నం కొట్టినట్టయింది. దాదా నమ్మలేదు. "కాయితంలో నేని మాట పిల్ల ఎలాగ సదువుతాది? నాకు సదువు రాదని ఆట పట్టిస్తన్నారా? నువ్వే సదువు, ఇంతాను."

ఇక ఆయనకి దారి లేదు. నా చేతిలోని పత్రిక తీసుకుని, అందరి ముందూ, నా పేరుతో సహా చదివారు. చక్కటి గొంతు ఆయనది. కానీ "జీర్ణశక్తి" దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి చిన్నాన్న, "బాబూ, ఆ డబ్బా ముందర కూకుంటే అన్నం అరుగుతాదేటండీ?" అని అడిగాడు, వేళాకోళం కాదు, నిజంగా తెలుసుకోవడానికి. అంతే, ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైన నవ్వు ఎడిటర్‌బాబుని ముంచేసింది. దాదా తల పట్టుకున్నాడు. "అరే బాబా, రెండు మంచి ముక్కలు రాయమన్నాను గానీ, పిల్ల అన్నీ ఆడేసిందని రాయమన్నానా? టానిక్ సీసా కాదు బాబూ, వీడియో గేమ్!"

అందరూ వెళ్ళాక హాలు మెట్ల మీద ఎడిటర్‌బాబు నా పక్కన కూర్చున్నారు. నేను కోపంగా ఏదో అనబోయేలోపే ఆయనే మొదలుపెట్టారు. "అమ్మా, ఆ వెనక అట్ట లేకపోతే ఈ నెల పత్రికే లేదు. కాగితం కొట్టువాడు అరువు ఆపేసినాడు. నిజం రాస్తే అట్ట రాదు, అట్ట రాకపోతే నిజం రాయడానికి కాగితం రాదు. నేనేం చెయ్యను?" అన్నారు. "మీరు ఏమైనా వేసుకోండి బాబుగారూ, పైన నా పేరు తీసేసి వేసుకోండి. మా చిన్నాన్న నా పేరు నమ్మి కొంటాడు" అన్నాను. ఆయన, "నీ పేరున్న చోట నీ మాటే ఉంటుంది" అని లేచి, ధోవతి దులుపుకుని వెళ్ళిపోయారు.

పిన్ని కుట్టుమిషన్ కాపాడానన్న గర్వంతో మర్నాడు సాయంత్రం చిన్నాన్న ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే "టుయ్ టుయ్" అని వినిపించింది. లోపల టీవీలో పొట్టివాడు గోడలు దూకుతున్నాడు, ఆకుపచ్చ నిక్కరుతో. పిల్లలు కేకలు. పక్కన చిన్నాన్న కూడా ఒక రిమోట్ పట్టుకుని గంతులేస్తున్నాడు! "కొనేశావా చిన్నాన్నా! నేనంత చదివి చెప్పాను కదా!" అని దాదాపు ఏడ్చేశాను.

"ఓలమ్మ, నువ్వు సెప్పినావనే గదే! ఆ నిక్కరోణ్ణి ఒకపాలి సూడాలనిపించింది. దాదా దగ్గరికెళ్ళి, సేతివేళ్ళకి సరిపడా ఆటలే ఉన్నాయని మా పిల్ల నీ ముందే సెప్పింది, ఆటికే ధర ఇస్తానన్నాను. కాదనడానికి నోరేదీ ఆడికి? సగానికిచ్చినాడు. మిగిలినదాంతో పిన్నికి పాత మిషన్ సూసినాను, సెకండ్ హ్యాండే గానీ నడుస్తాది." వంటింట్లోంచి పిన్ని నవ్వు వినిపించింది.

దాదా ఆ తర్వాత కూడా వెనక అట్ట ఇచ్చాడు, కాకపోతే ఇచ్చిన నెలలో ఆటల గురించి ఎవరూ రాయకూడదని షరతు పెట్టాడు. ఆ నెలల్లో నాచేత పచ్చళ్ళ గురించి రాయించేవారు. ఇప్పుడు పెళ్ళై ఇదే ఊళ్ళో మలంచా పేటలో ఉంటున్నాను, పత్రికలు కొని చదువుతాను. ఏ వస్తువునైనా లోపల మరీ ఎక్కువగా పొగిడితే, వెనక్కి తిప్పి అట్ట చూస్తాను. తిప్పినప్పుడల్లా, హాలు నిండా జనం ముందు, లేని మాటలని వేలు పెట్టి మరీ చదివేసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఈ రోజు అంతమంది ముందు నిలబెడితే నా పేరు కూడా తడబడకుండా చెప్పలేను. ఆ పిల్లకి భయం ఎందుకు వేయలేదో అడగాలని ఉంటుంది, కానీ అది ఎక్కడ ఆగుతుంది, ఆ మర్నాటి సాయంత్రమే చిన్నాన్న చేతిలోంచి రిమోట్ లాక్కుని ఆటకి కూర్చుందిగా.