వారంటీ స్టిక్కర్ కింది స్క్రూ

కాలిన దుమ్ము వాసన గుర్తుందా? పక్క రేకు విప్పేసిన సీపీయూకి టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్న ఇళ్లవాళ్లు మరచిపోలేరు. పోయినేడు కొన్న మా కంప్యూటర్ నిన్న ఆగిపోతే ఇల్లంతా అదే వాసన.

బాగేపల్లిలో మా నాయనకు ఎలక్ట్రికల్ అంగడి ఉండేది. రెడీమేడ్ కంప్యూటర్ కొనడం ఆయనకు నామోషీ. ఒక్కో భాగం ఒక్కో చోట కొని తనే బిగించాడు. అది చెడినప్పుడల్లా దుప్పట్లో చుట్టి, నా ఒళ్లో పెట్టుకోమని చింతామణి బస్సెక్కించేవాడు. అక్కడ మదర్‌బోర్డు అమ్మినాయన తప్పు ర్యామ్‌ది అనేవాడు, ర్యామ్ అమ్మినాయన బోర్డుది అనేవాడు. నా వేసవి సెలవులు ఆ రెండంగళ్ల మధ్యే పోయాయి.

అందుకే పోయినేడు మా పాప "మనమే బిగిద్దాం అప్పా" అని ఎంత మొత్తుకున్నా వినకుండా సీలు వేసిన కంపెనీ డబ్బా కొన్నాను. అడగడానికి ఒక్కడే ఉంటాడనుకున్నాను. ఇప్పుడు అంగడాయన "మా చేతిలో ఏముండాదప్పా, కంపెనీకి ఫోన్ చెయ్" అంటాడు. కంపెనీవాళ్లు అంగడికే వెళ్లమంటారు. ఇద్దరూ కలిసి చెప్పే మాట ఒక్కటే, విప్పకూడదని. స్క్రూ మీద స్టిక్కర్ చిరిగితే వారంటీ పోతుందట.

నాయన అయితే ఆ స్టిక్కర్ చదివేవాడు కూడా కాదు. ఈపాటికి రేకు విప్పి, పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులుపుతూ, టార్చి సరిగ్గా పట్టుకోలేదని నన్ను తిడుతూ ఉండేవాడు.

"తాత స్క్రూడ్రైవర్ యాడుండాదప్పా?" అంది పాప, స్టిక్కర్‌ను గోటితో గీకుతూ.

తెచ్చిచ్చి, టార్చి వేశాను.

"సరిగ్గా పట్టుకో అప్పా" అని విసుక్కుంది.