ఛైర్మన్‌గారికి కుర్చీ వేయని శనివారం

మొన్న పని మీద రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్‌కి వెళ్ళాను. వాష్‌రూమ్ బయట గోడకి చిన్న తెర, శుభ్రంగా ఉందో లేదో నొక్కి చెప్పమని దాని మీద మూడు మొహాలు: నవ్వేది, ఏడ్చేది, ఎటూ కానిది. అక్కడ శుభ్రం చేసే అమ్మాయి దగ్గరికొచ్చి, "మేడం, జర నవ్వే మొహం నొక్కుండ్రి, లేకుంటే సూపర్‌వైజర్ నన్నే అంటడు" అంది. నొక్కాను. లోపల కుళాయిలో నీళ్ళు దారంలా వస్తున్నాయి, అది ఆ పిల్ల తప్పు కాదు కదా. కుళాయి బిగించినవాడికీ, బిగించడం నేర్పినవాడికీ మాత్రం ఆ తెర మీద ఏ మొహమూ లేదు. మెట్రో ఎక్కాక కూడా నా చిరాకు తగ్గలేదు. జవాబు చెప్పాల్సినవాళ్ళు పై అంతస్తులో ఉంటారు, మాట పడేవాళ్ళు చీపురు పట్టుకుని కింద ఉంటారు. ఈ పద్ధతిని ఒప్పుకోని మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ మా వదిన.

మేము కాకినాడ నుంచి వచ్చినవాళ్ళం, ఆవిడది ఇక్కడి ఊరే. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట వాళ్ళ నాన్న జొన్నలు పండించారు. "ఆ అమ్మాయి మామూలుగా మాట్లాడినా దెబ్బలాడుతున్నట్టే ఉంటుందే" అని మా అమ్మ పెళ్ళయిన కొత్తలో వాపోయేది. నిజానికి చాలాసార్లు ఆవిడ దెబ్బలాడుతూనే ఉండేది. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, మూసాపేటలో టైల్స్ దుకాణం పైన, ఒక ట్రస్టు నడిపే వృత్తి శిక్షణ కేంద్రానికి ఆవిడ ప్రిన్సిపాల్. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ రిపేరు నేర్పేవాళ్ళం. నేర్పేవాళ్ళం అంటున్నాను గానీ, నేను నేర్పింది ఇంటర్వ్యూ ఇంగ్లీషు. కింద టైల్స్ కోసే మోత, మెట్ల మీద కాలిన వైరు వాసన, వాటి మధ్య నా "గుడ్ మార్నింగ్ సర్".

వదిన పెట్టిన ఆచారం ఒకటుండేది. నెలాఖరు శనివారం, మా దగ్గర నేర్చుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళూ, వాళ్ళని పనిలో పెట్టుకున్న టవర్ల సూపర్‌వైజర్లూ వచ్చి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. ఇంకా చదువుతున్నవాళ్ళు కూడా కూర్చునేవాళ్ళే. టీచర్లం మాత్రం, ప్రిన్సిపాల్‌తో సహా, వాళ్ళ ముందు నిలబడాలి. ఫలానా కుర్రాడు పైపు సరిగ్గా బిగించలేదని ఎవరైనా అంటే ఆవిడ ఆ కుర్రాడి వంక చూసేది కాదు. మా వైపు తిరిగి, "ఇది చెప్పిందెవరు? ఎట్ల చెప్పిన్రు?" అనేది. సోమవారం ఆ పాఠం మళ్ళీ మొదటి నుంచి. ఒకసారి ఒక సూపర్‌వైజర్ లేచి, "మీ పోరనికి పేరేందని అడిగినా ఐయామ్ హార్డ్‌వర్కింగ్ అంటుండు" అన్నాడు. హాలంతా నవ్వింది, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ నొప్పులని ఏసీ సారు కుర్చీ అడిగితే, "కూసోండి సార్, జవాబు మాత్రం నిలబడ్డట్టే చెప్పుండ్రి" అంది.

ఆ ఏడాది ఎలక్ట్రికల్ బ్యాచ్‌కి ట్రస్టు కొనివ్వాల్సిన ప్యానెల్ బోర్డు రాలేదు. పెద్ద భవనాల బేస్‌మెంట్లో కరెంటంతా వచ్చి చేరే ఇనుప బీరువా లాంటిది అది. దాని ముందు చెయ్యి తప్పితే రెండోసారి నేర్చుకోవడానికి మనిషి మిగలడు. వదిన అడుగుతూనే ఉంది, ట్రస్టు ఛైర్మన్‌గారు ఇదిగో వస్తుందంటూనే ఉన్నారు, పిల్లలు గోడ మీది చార్టు చూసి నేర్చుకుంటూనే ఉన్నారు. ఈలోగా కోర్సు అయిపోయింది. టవర్లలో ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నాయి, అందరినీ పాస్ చేసెయ్యండి, సర్టిఫికెట్లు నేనే వచ్చి ఇస్తానని ఆయన కబురు పెట్టారు. వస్తానన్నది నెలాఖరు శనివారం.

ఫొటోగ్రాఫర్‌తో సహా వచ్చారు. చూస్తే ఆయనకి కుర్చీ లేదు.

"ఇయ్యాల మనం నిలబడాలె సార్. నేర్పేటోళ్ళమంత ఇటు దిక్కే" అంది వదిన.

కెమెరా చూస్తోంది కాబట్టి ఆయన నవ్వుతూ నిలబడ్డారు. అప్పుడు నిజాంపేట హాస్టల్లో ఉంటూ ఆ బ్యాచ్‌లో చదివే అమ్మాయి లేచింది. "సార్, మేం ప్యానెల్ బోర్డు బొమ్మల చూసినం. ఎన్నడు ముట్టలే. రేపు నన్ను బేస్‌మెంట్ల ఒక్కదాన్నే ఇడిస్తే ఏం చెయ్యాలె?"

"ఉద్యోగంలో నేర్చుకుంటావమ్మా. అందరూ అలాగే నేర్చుకున్నారు" అన్నారు ఛైర్మన్‌గారు.

వదిన కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది. "ఈ పిల్లలకు పని ఇంకా పూర్తిగ రాలే. తప్పు వీళ్ళది గాదు, మాది. నేనైతే సంతకం పెట్ట."

"మీరు పెట్టకపోతే పెట్టేవాళ్ళు వస్తారండి" అన్నారాయన, నవ్వు చెదరకుండా.

"వస్తరు. తెచ్చుకోండ్రి."

కుర్చీల్లోంచి మా పాత విద్యార్థి ఒకతను, అప్పటికే ఒక టవర్‌లో సీనియర్ ఎలక్ట్రీషియన్, లేచి నిలబడ్డాడు. "మేడం, మా దగ్గర ఆదివారాలు షట్‌డౌన్ ఉంటది. కరెంటు బందు చేసినంక బోర్డు ఇప్పి చూపిస్త. మేనేజర్‌ను నేను అడుగుత. పంపుండ్రి." అతని వెనక ఇంకొందరు లేచారు. ఛైర్మన్‌గారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

సోమవారానికి వదిన ఉద్యోగం పోయింది. కొత్తాయన వచ్చి చకచకా సంతకాలు పెట్టాడు. ఆ బ్యాచ్‌లో ఒక్కరూ సర్టిఫికెట్ ముట్టుకోలేదు, "పని వచ్చినంక తీస్కుంటం సార్" అన్నారు. ఎవరూ చెప్పి అనిపించిన మాట కాదది. ఆదివారమొస్తే అందరూ బేస్‌మెంట్‌కి దిగేవాళ్ళు. జీతం లేని మా వదిన పులిహోర డబ్బాతో వెళ్ళి, కరెంటు మళ్ళీ ఎవరూ వేయకుండా స్విచ్‌కి తాళం పడిందా, టెస్టర్ పెట్టి చూశారా అని ఒక్కొక్కరినీ అడిగి గానీ బోర్డు మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. నేనూ వెళ్ళేదాన్ని, నా ఇంగ్లీషుతో అక్కడ ఎవరికీ పని లేకపోయినా.

"ఆయనకో కుర్చీ వేస్తే పోయేదిగా" అంది మా అమ్మ ఒకరోజు.

"పోయేదే అత్తమ్మా. ఎవరిదో పాణం" అంది వదిన.

ఇప్పటికీ ఆ కుర్చీ వేయాల్సిందనేవాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు. వాళ్ళతో నేను వాదించడం మానేయలేదు, మానను కూడా.

పోయిన ఆదివారం ఆ హాస్టల్ అమ్మాయి వదిన ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఒక టవర్ మొత్తానికీ కరెంటు చూసుకునేది ఆ అమ్మాయే. చెవి పక్కన జుట్టు తీసి చూపిస్తూ, "చూడుండ్రి మేడం, తెల్లవడుతున్నది, ముసలిదాన్నయితున్న" అని దిగులుపడింది. వదిన ఆ తెల్ల వెంట్రుకల్ని నిమిరి ఊరుకుంది. నాకే ఊరుకోబుద్ధి కాలేదు. అవ్వు తల్లీ, హాయిగా ముసలిదానివవ్వు. జుట్టు నెరిసేదాకా కాలం మనతో నడవాలంటే, నేను సంతకం పెట్టనని ఎవరో ఒకరు ఎక్కడో నిలబడి ఉండాలి.